కందెన ఊరికి ఒక మ్యూజియం

కర్నూలుకు ఆ పేరు ఎట్లా వచ్చిందో మనలో ఎవరిని అడిగినా చెబుతారు. అలంపురంలో గుళ్లు కట్టే కాలంలో రాళ్లు మోసుకుపోయే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగేవట. బండ్లు తోలే వడ్డెరలు ఇక్కడి నూనె వ్యాపారుల దగ్గర నూనె కొని, ఇరుసులకు కందెన పెట్టుకుని, ఏట్లోకి దిగేవారట. అందుకే కందెనవోలు, పలుకుతూ పలుకుతూ కందనవోలు, చివరికి కర్నూలు. ఈ కథకు శాసనం లేదు. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల నాటివి, ఏడెనిమిది శతాబ్దాలవి. బండ్ల కథను మాత్రం పదకొండో శతాబ్దమనీ పన్నెండో శతాబ్దమనీ చెబుతుంటారు. లెక్క కుదరదు. అయినా నాకు ఈ కథ ఇష్టం. రాజు పేరో దేవుడి పేరో కాకుండా, బండి ఇరుసుకు పూసే నల్లటి జిడ్డు పేరు పెట్టుకున్న ఊళ్లు ఎన్ని ఉంటాయి?

ఇంకో కారణం కూడా ఉంది. రాళ్లు ఈ ఊరి మీదుగా వేరే చోటికి పోవడం ఆ కథతో మొదలైంది, అక్కడితో ఆగలేదు. ఎన్నో శతాబ్దాల తర్వాత, మన కళ్ల ముందే, ఒక గుడి రాళ్లు బండ్లెక్కి ఈ ఊరికే తిరిగి వచ్చాయి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

సంచిక సంపాదకులు నన్ను అడిగింది ‘మన ఊరి చరిత్ర’ మీద ఒక వ్యాసం. నేను చరిత్ర పండితుణ్ణి కాను, భవనాలు గీసేవాణ్ణి. నాకు తెలిసిన చరిత్ర అంతా ఒక కట్టని మ్యూజియం కోసం తిరిగేటప్పుడు తెలుసుకున్నదే. అందుకని ఆ మ్యూజియం గురించే రాస్తున్నాను.

విత్తనం పడింది మాత్రం మన బడిలోనే. ఏడో తరగతిలో మా సోషల్ సారు ఒక శనివారం మధ్యాహ్నం మమ్మల్ని కొండారెడ్డి బురుజుకు నడిపించుకుపోయారు. అక్కడ పాఠం చెబుతారనుకుని నోటు పుస్తకాలు తీశాం. ఆయన చెప్పలేదు. గోడ దగ్గర నిలబెట్టి, “ఒక్కొక్కడు ఒక్కో రాయి ఎంచుకోండ్రా, దాన్ని పది నిమిషాలు చూడండి, చూసింది చెప్పండి” అన్నారు. అచ్యుతదేవరాయల కాలపు కోట అనీ, ఖైదులో ఉన్న కొండారెడ్డి పేరు బురుజుకు వచ్చిందనీ మాకు పుస్తకం నుంచి వచ్చు. రాయిని చూడడం మాత్రం రాదు. నా రాయికి ఒక పక్కన వరుసగా చిన్న గుంటలు ఉన్నాయి. రాయిని చీల్చడానికి ఉలితో కొట్టిన గుంటలవి. సారు వాటి మీద నా వేళ్లు పెట్టించి, “ఇది రాజు పని కాదు, వీడి పని” అన్నారు. ఆ ‘వీడు’ ఎవడో ఏ పుస్తకంలోనూ లేదు. మ్యూజియం అనగానే నాకు ఇప్పటికీ ఆ గుంటలే గుర్తొస్తాయి.

2008లో ఊళ్లో కొందరు మిత్రులు కలిసి, నగరానికి ఒక మంచి మ్యూజియం కావాలి, ముందు ఒక నమూనా గీసిస్తే దాన్ని పట్టుకుని నలుగురినీ కలుస్తాం అన్నారు. కర్నూలులో ప్రభుత్వ పురావస్తు మ్యూజియం ఉంది, అందులో మంచి శిల్పాలు ఉన్నాయి. మా ఆలోచన దానికి పోటీ కాదు. నగరం నాలుగు లక్షలు దాటి నాలుగు దిక్కులా పెరుగుతోంది. కొత్తగా వచ్చినవాళ్లకు బురుజు అంటే ఆటో ఎక్కే చోటు. ఊరు తన కథ తాను చెప్పుకునే జాగా ఒకటి ఉండాలన్నదే మా కోరిక. మ్యూజియం, పక్కన గ్రంథాలయం, చిన్న నాటకశాల, పిల్లలు కూర్చుని బొమ్మలు గీసుకునే చెట్లనీడ.

నేను ఉత్సాహంగా గీశాను. స్థలం ఎక్కడ? ఆలోచించనే లేదు: కోటకూ తుంగభద్రకూ మధ్య. పాత ఊరు అక్కడే, ఏరు అక్కడే, పేరు పుట్టిన రేవు అక్కడే. ప్రదర్శనశాలలు నేలమట్టంలో. ఇక వస్తువులు దాచే గదులు, అంటే ఏ మ్యూజియానికైనా అసలు గుండెకాయ లాంటివి, నేల కింద. దీనికి నేను చెప్పుకున్న కారణం వింటే మీరూ మెచ్చుకునేవారు. మన సీమలో జొన్నలు దాచింది పాతరలోనే కదా. భూమిలో లోతుగా తవ్వి, వరిగడ్డి పరిచి, గింజలు పోసి, మన్ను కప్పితే ఏళ్ల తరబడి చెడకుండా ఉండేవి. నేల కింద చల్లగా ఉంటుంది, ఎండ తగలదు, ఏసీ ఖర్చు తగ్గుతుంది. ‘కందనవోలు పాతర’ అని ఆ అంతస్తుకు పేరు కూడా పెట్టాను. గీతలు చూసినవాళ్లంతా భేష్ అన్నారు.

2009 అక్టోబరు 2. గాంధీ జయంతి సెలవు. ఆ రోజు సంగతి కర్నూలు వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊరి మీదికి వచ్చాయి. పాత ఊళ్లో నీళ్లు కింది అంతస్తులు ముంచి పైకి ఎక్కాయి. జనం మిద్దెల మీద రాత్రులు గడిపారు. శ్రీశైలం జలాశయానికి వచ్చిన వరద ఇరవై అయిదు లక్షల క్యూసెక్కుల దాకా పోయింది. డ్యాం కట్టేటప్పుడు ఊహించిన అతిపెద్ద వరదే పంతొమ్మిది లక్షలు. నీళ్లు తీశాక నేను మా బంధువుల ఇళ్లు చూడడానికి వెళ్లాను. బురదలో ఉబ్బిపోయిన పెళ్లి ఆల్బములు, అట్టలు ఊడిన భారత భాగవతాలు, ఇంటి దస్తావేజులు దండేల మీద ఆరేసి ఉన్నాయి. కాగితం మీద నేను కట్టిన పాతర ఉండాల్సిన చోట ఎంత ఎత్తున నీళ్లు నిలిచాయో గోడ మీది బురద గీత చెప్పింది. నా నమూనా కట్టి ఉంటే, ఊరి జ్ఞాపకాలన్నీ ఒక్కచోటికి చేర్చి మరీ ముంచినవాణ్ణి అయ్యేవాణ్ణి.

ఆ సంగతి మా పెద్దత్తకు చెప్పాను. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి. పాతర ముచ్చట వినగానే ఆమె నవ్వలేదు, నొచ్చుకున్నట్టు చూసింది. “యాడన్నా ఏటిగడ్డన పాతర తవ్వుతారా నాయనా? పాతర మెరకన తవ్వుతారు. తవ్వినాక కూడా వాన కురిస్తే నీళ్లు ఎట్ల పోతాయో చూసుకోని గింజలు పోస్తారు. నీకు ఎవురూ చెప్పలేదా?” అంది. ఎవరూ చెప్పలేదు. నేను పాతర అనే మాటను మాత్రమే తీసుకున్నాను, పాతర తవ్వేవాడి తెలివిని తీసుకోలేదు. పల్లె నుంచి వచ్చి పట్నంలో చదువుకున్న మా తరం వాళ్లం చేసే తప్పే అది.

అప్పటి నుంచి నేను గీయడం ఆపి తిరగడం మొదలుపెట్టాను. అసలు ఈ నేలకు సంబంధించిన వస్తువులు ఎక్కడున్నాయి? వాటిని ఎవరు ఎట్లా దాచారు?

బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు ఉన్నాయి. 1844లో న్యూబోల్డ్ అనే సైనికాధికారి వాటిలోని ఎముకల గురించి రాశాడు. 1884–85లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు హెన్రీ కలిసి తవ్వారు. ఈ దేశంలో పాత రాతియుగపు పనిముట్టును మొదట గుర్తించినవాడు ఈ ఫూటే, 1863లో, మద్రాసు పల్లవరంలో. ఆయన జీవితమంతా పోగుచేసిన రాతి పనిముట్లను 1904లో మద్రాసు మ్యూజియం కొనుక్కుంది. మనం మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న రోజుల్లో మన నేలలో దొరికిన విలువైన వాటికి చేరే చోటు మద్రాసే. కడప జిల్లాలో పెన్న ఒడ్డున ఇసుకలో కూరుకుపోయిన దానవులపాడు జైన బసది దొరికితే, దాని శిల్పాల్లో కొన్ని కూడా అక్కడికే చేరాయి. ఇది నింద కాదు. అప్పుడు అక్కడ చేరకపోతే అవి ఈ రోజు ఏ గోడలో ఉండేవో. అయినా కర్నూలు పిల్లవాడు తన ఊరి పాతరాయిని చూడాలంటే రాత్రి రైలెక్కాలి.

జ్వాలాపురం కథ ఇంకో రకం. బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో నేల కింద తెల్లటి బూడిద పొర ఉంది. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో వచ్చి పడిన బూడిద అది. దాని కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో శాస్త్రవేత్తలు ప్రకటించినప్పుడు ప్రపంచమంతా ఆ ఊరి పేరు పలికింది. అంత పెద్ద ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికి బట్టకట్టి ఉండొచ్చని వాళ్ల వాదన. అదే బూడిదను అక్కడివాళ్లు తవ్వి, అంట్లు తోమే పొడికి, బట్టల పొడికి అమ్ముకునేవాళ్లు. నాకు వాళ్ల మీద కోపం రాలేదు. ఆ తెల్లమన్ను ఏమిటో చెప్పే బోర్డు లేనప్పుడు అది గిన్నెలు తోమడానికి పనికొచ్చే మన్నే. మ్యూజియం లేకపోతే జరిగే నష్టం ఇట్లాంటిది. దొంగలు రానక్కర్లేదు, తెలియకపోతే చాలు.

కొన్ని కదలవు, కదలకూడదు. పత్తికొండ నుంచి గుత్తికి పోయే దారిలో ఎర్రగుడి గుండ్ల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. 1920ల చివర ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త కంట పడేదాకా అవి పశువుల కాపర్లకే తెలుసు. అందులో ఒక శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు ఉన్నాయి, మడి దున్నే ఎద్దులు చివరికి పోయి మళ్లినట్టు. ఆ గుండును నగరానికి తేలేం. నగరంలోని పిల్లలను ఆ గుండు దగ్గరికి పంపే ఏర్పాటు చేయగలం. మ్యూజియం అంటే వస్తువులను తెచ్చిపెట్టే చోటే కాదు, మనుషులను బయటికి పంపే చోటు కూడా అని నాకు అక్కడే అర్థమైంది.

కడపలో రెండు ఉదాహరణలు నా ముందున్నాయి. ఒకటి 1982లో జైనుల విరాళాల తోడ్పాటుతో వచ్చిన భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం. చుట్టుపక్కల దొరికిన శిల్పాలను మద్రాసుకూ హైదరాబాదుకూ పంపకుండా జిల్లాలోనే నిలిపింది. రెండోది నాకు మరీ ఇష్టం. 1820లో చిన్న ఉద్యోగిగా కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అక్కడ ఒక బంగళా కొని, సొంత జీతంతో పండితులను పెట్టి, తెలుగు తాళపత్రాలను వెతికించి, సరిచూయించి, శుద్ధప్రతులు రాయించాడు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అనేవారు. తర్వాత ఆ బంగళా శిథిలమై మొండి గోడలు మిగిలాయి. ఆ చోట బ్రౌన్ పేర గ్రంథాలయం లేపడానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఏళ్ల తరబడి చందాలకు తిరిగారు. ఆయనేమీ ధనవంతుడు కాదు, అధికారి కాదు, మన సారు లాంటి అధ్యాపకుడు. ఈ రోజు అది యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. మొదట భవనం గీసి తర్వాత దాంట్లో ఏం పెట్టాలా అని వెతకలేదు వాళ్లు. పుస్తకాలు, వాటి కోసం కొట్టుకునే మనిషి ముందు ఉన్నారు, గోడలు వెనక వచ్చాయి. నేను 2008లో చేసింది సరిగ్గా దీనికి తలకిందులు.

ఇప్పుడు మొదట ఆపిన మాటకు వస్తాను.

1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు 1980ల మొదట్లో నిండడం మొదలైంది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నూటికి పైగా ఊళ్లు మునిగాయి. 1981 వేసవిలో ఊళ్లు ఖాళీ చేయించారు. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉన్న పాత గుళ్లను ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురం తీసుకుపోయారు. రూపాల సంగమేశ్వరాలయాన్ని విప్పి కర్నూలు పక్కన జగన్నాథగట్టు మీదికి తెచ్చారు. ఇట్లాంటి పనికి పద్ధతి ఒకటే. ప్రతి రాయికీ నంబరు వేయాలి, బొమ్మ గీసుకోవాలి, పై నుంచి కిందికి విప్పాలి, మోయాలి, కింది నుంచి పైకి పేర్చాలి. ఈజిప్టులో అస్వాన్ డ్యాం నీళ్ల నుంచి అబూ సింబెల్ గుళ్లను 1964–68లో ముక్కలుగా కోసి పైకి ఎత్తి పెట్టింది కూడా ఈ లెక్కనే. దానికి ప్రపంచమంతా డబ్బు పంపింది, ప్రపంచమంతా ఫోటోలు చూసింది. మన గుడి ఏ సందడీ లేకుండా వచ్చి గట్టు మీద కూర్చుంది. అలంపురానికి రాళ్లు పోయే దారిలో పుట్టిన ఊరు, సంగమం నుంచి రాళ్లను దించుకుంది. ఇప్పుడు కూడవెల్లి గుడి తెలంగాణలో, రూపాల సంగమేశ్వరుడు ఆంధ్రలో. అసలు సంగమంలో ఉండిపోయిన సంగమేశ్వరుడి గుడి మాత్రం ఏడాదిలో చాలా నెలలు నీళ్ల కింద ఉండి, మట్టం తగ్గినప్పుడు బయటికి వస్తుంది. అప్పుడు జనం పోయి వేపమొద్దు లింగానికి మొక్కి వస్తారు.

దీన్ని నాగార్జునకొండతో పోల్చి చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. అక్కడ నీళ్లు రాకముందు 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వారు. దొరికినవి ఒక్కచోట చేర్చి, నీళ్ల మధ్య మిగిలిన కొండ మీదే మ్యూజియం పెట్టి 1966లో తెరిచారు. లోయ పోయింది, కానీ లోయ కథ ఒక్కచోట ఉంది. శ్రీశైలం ముంపులో గుళ్లను కాపాడారు, అందుకు ఆ పని చేసినవాళ్లకు దండం పెట్టాలి. కానీ కథ చెదిరిపోయింది. గుడి ఒక చోట, విగ్రహం ఒక చోట, మనుషులు పది చోట్ల. గుడికి నంబర్లు వేశారు, రాళ్లు విప్పి తెచ్చారు. ఊరికి నంబర్లు వేసినవాళ్లు లేరు. ఊరి బొడ్రాయి, రచ్చబండ, చావడి, వీరగల్లు, చేదబావి గట్టు మీద తాళ్లు కోసిన గాళ్లు: ఇవేవీ పురావస్తువుల జాబితాలోకి రావు కదా.

2010 తర్వాత నేను రెండోసారి గీశాను. ఈసారి ఒక భవనం గీయలేదు. ఒకే స్థలం అన్న పట్టుదల వదిలేసి మూడు మెట్లు అనుకున్నాను. తడిసినా పర్వాలేనివి కింద, తడిస్తే పోయేవి పైన. అంతే సూత్రం, మా పెద్దత్త సూత్రం.

కింది మెట్టు ఏటిగడ్డ. బురుజు నుంచి ఏటి వైపు నడిచే దారి, పక్కన రాళ్లు, రేవు, కందెన బండ్ల కథ, వరద మట్టాలు చెక్కిన ఒక రాతి స్తంభం. వరద వస్తే రానీ, దిగాక కడుక్కుంటే చాలు. అక్కడ కాగితమన్నది ఉండదు. నడి మెట్టు ఊళ్లో, జనం రోజూ తిరిగే చోట. గ్రంథాలయం, నాటకశాల, మారుతూ ఉండే ప్రదర్శనలు. నేలమట్టానికి మనిషెత్తు పైన. పై మెట్టు జగన్నాథగట్టు. దాచే గదులు, మరమ్మతు చేసే గదులు, తాళపత్రాలు, ఫోటోలు, రికార్డులు అన్నీ అక్కడ, సంగమేశ్వరుడి పక్కన. ఇప్పుడు ట్రిపుల్ ఐటీ కూడా ఆ గట్టు మీదే ఉంది, పిల్లల రాకపోకలు పెరిగాయి. ఊరు కూడా నంద్యాల రోడ్డు పట్టుకుని అటే సాగుతోంది.

కట్టేది దేనితో? ఇక్కడ నాకు కొంచెం గర్వం ఉంది, ఓర్చుకోండి. ప్రపంచంలో భూగర్భశాస్త్రం చదివేవాళ్లకు మన రెండు జిల్లాల పేర్లు తెలుసు, రాతిపొరల పేర్లుగా. విలియం కింగ్ 1872లోనే కడప, కర్నూలు పొరల మీద ఒక గ్రంథం రాశాడు. అప్పటి నుంచి ఆ పేర్లు నిలిచిపోయాయి. బొంబాయి వంటింట్లో గట్టు మీది నల్లబండను ‘కడప్పా’ అంటారు, అది ఒక ఊరి పేరని తెలియకుండానే. మనకు బేతంచెర్ల బండ ఉంది, నాపరాయి ఉంది. మ్యూజియం గోడా నేలా ఆ రాళ్లే అయితే, లోపలికి అడుగు పెట్టినప్పుడే మొదటి ప్రదర్శన మొదలవుతుంది. ఏ బండ ఏ గనిదో దాని మూలన చెక్కిస్తే చాలు. అద్దాల మేడలు మనకు వద్దు. మే నెల ఎండలో అద్దం వెనక కూర్చున్న తాళపత్రం అప్పడంలా వేగుతుంది. మన చౌటిమిద్దెలు చూడండి. రెండడుగుల గోడ, దూలాలు, దంతెలు, పైన కప్పిన చౌడు, వెలుగుకు పైన ఒక గవాక్షి. మధ్యాహ్నం రెండు గంటలకు కూడా లోపల నులకమంచం వేసుకుని నిద్రపోవచ్చు. ఇప్పుడు చౌడు కప్పు వేసే మనిషి దొరకడు, పైగా వానకు కారుతుంది కూడా, ఆ ఇబ్బంది పడి పెరిగినవాణ్ణే. కానీ మందమైన గోడ, చిన్న కిటికీ, పై నుంచి దిగే వెలుగు, నడుమ ముంగిలి – ఈ నాలుగూ కాంక్రీటులో కూడా సాధ్యమే.

మ్యూజియాల్లో బొమ్మ కింద రాసే చీటీల మీద నాకు పాత కోపం ఒకటి ఉంది. ‘విష్ణువు, నల్లరాయి, క్రీ.శ. 10వ శతాబ్దం.’ ఎవరి పొలంలో దొరికాడు, ఏ ఊరివాళ్లు పసుపు పూశారు, ఎందుకు ఇక్కడికి వచ్చాడు, ఒక్క ముక్క ఉండదు. నేను రాసుకున్న నియమాల్లో మొదటిది ఇదే: ప్రతి చీటీలో ఊరి పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలి, శతాబ్దం చిన్న అక్షరాల్లో ఉన్నా ఫర్వాలేదు.

నడి మెట్టులో గదులు ఏవేవి అన్నది మిత్రుల మధ్య ఇంకా తేలలేదు. రాజధాని గది ఉండాలని అందరూ ఒప్పుకున్నారు. 1937 శ్రీబాగ్ ఒడంబడిక నుంచి 1953 అక్టోబరు 1 దాకా, ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రిగా గుడారాల్లో నడిచిన ఆఫీసులు, 1956 నవంబరు 1న హైదరాబాదుకు కట్టిన మూటలు. మూడేళ్ల రాజధాని. ఆ గదిలో ఒక గుడారం వేస్తే సరిపోతుందని నా అభిప్రాయం, పాలరాతి విగ్రహాలు అక్కర్లేదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారికి గ్రంథాలయంలో చోటు. సుంకేసుల నుంచి కడప దాకా పోయే కె.సి. కాలువకు ఒక పొడుగాటి వరండా. నీటికోసమే కాదు, పడవలు నడపడానికి కూడా తవ్విన కాలువ అది. ఈ ఎండిన సీమలో పడవ ప్రయాణమంటే పిల్లలు నమ్మరు, లాకులు చూపించి నమ్మించాలి. ధాత కరువు గది ఉండాలన్నాను నేను. 1876–78లో ఈ జిల్లా పడిన బాధ ఎక్కడా కనిపించకుండా నవాబుల కత్తులు మాత్రమే పెడితే అది అబద్ధమవుతుంది. ఒకాయన, “మ్యూజియానికి పెళ్లాంపిల్లలతో ఆదివారం వస్తారు సార్, ఏడిపిస్తారా?” అన్నాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. తేలలేదు.

పై మెట్టులో మాత్రం ఒక గది మీద నేను ఎవరి మాటా వినలేదు. మునిగిన ఊళ్ల గది.

మాది నందికొట్కూరు తాలూకాలో కృష్ణ ఒడ్డు పల్లె. పేరు చెప్పినా ఇప్పటి మ్యాపులో దొరకదు. ఆరో తరగతికి కర్నూలు వచ్చి మేనమామ ఇంట్లో ఉండి మన బడిలో చదివాను. మన తరగతుల్లో నాలాంటివాళ్లు ఎంతమంది ఉండేవాళ్లో మీకు గుర్తుండే ఉంటుంది. దసరాకు, సంక్రాంతికి బస్సు దిగి, నడిచి ఊరికి పోయేవాళ్లం. కొన్నేళ్ల తర్వాత పోవడానికి ఊరు లేకపోయింది. మా ఇంట్లో ఊరి నుంచి తెచ్చుకున్నవి ఒక గడప, ఒక రోలు, కొన్ని దంతెలు. గడపను కొత్త ఇంటికి పెట్టారు. మీ ఇళ్లలో ఏమున్నాయో నాకు తెలియదు. ఖాళీ చేయమన్న నోటీసులు, పరిహారం కాగితాలు, ఊరి దేవర నాటి ఫోటో ఒకటి, చావడి ముందు నిలబడి తీయించుకున్నది – ఇవి ఎవరి ట్రంకుపెట్టెల్లోనో ఉన్నాయి. ఇవన్నీ కలిస్తేనే ఆ గది. గట్టు మీద గదులు లేచేదాకా వాటిని ఫోటో తీసి, ఎవరిది ఏ ఊరో రాసి పెట్టుకుంటే చాలని ఇప్పటికి ఇద్దరు ముగ్గురం ఆ పని చేస్తున్నాం.

ఆ పనిలోనే పోయిన ఏడాది మన బడికి వచ్చాను. మ్యూజియం కట్టలేదు, స్థలం రాలేదు, గీతలు నా బీరువాలోనే ఉన్నాయి. కానీ ఆ గదిలో పెట్టాల్సిన మొదటి వస్తువు మన బడిలో, ఆఫీసు గది వెనక ఇనుప అలమరలో ఉంది. అడ్మిషన్ రిజిస్టర్లు. ఒక్కో పిల్లవాడికీ ఒక వరుస: పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, సొంత ఊరు. 1970ల రిజిస్టర్లలో ఆ నాలుగో గడి నిండా ఇప్పుడు లేని ఊళ్లే. చేత్తో రాసినవి, ఒక్కో ఊరి పేరు రెండు మూడు రకాల అక్షరాల్లో, పిల్లవాడు ఎట్లా పలికితే అట్లా. కొన్ని పుటల అంచులను చెదలు తిన్నది. హెడ్మాస్టరు గారు అనుమతిస్తే ఈ సెలవుల్లో ఒక్కో పేజీ ఫోటో తీయడానికి ఇద్దరు ముగ్గురు పాత విద్యార్థులు వస్తామన్నారు. ఇంకా నలుగురు కావాలి. కెమెరా లేకపోయినా పర్వాలేదు, పాత చేతిరాత చదవగలిగితే చాలు.

నా వరుస దొరికింది. 1972. సొంత ఊరు గడిలో మా ఊరి పేరు ఉంది, అక్షరం తప్పుతో. మా తమ్ముడు నాకన్నా తొమ్మిదేళ్లు చిన్నవాడు, వాడు చేరింది 1981 జూన్‌లో. వాడి వరుస కూడా వెతికి తీశాను. వాడి పేరుకు ఎదురుగా సొంత ఊరు అన్న గడిలో ‘కర్నూలు’ అని ఉంది.